తిమ్మక్క జ్ఞాపకార్థం

నేను ఒక సీలింగు ఫ్యానుని. నిలకడ నా జాతకంలోనే లేదు. స్విచ్చి వేస్తే తిరగడం, కట్టేస్తే మళ్లీ ఎప్పుడు వేస్తారా అని ఎదురుచూడడం, ఇదే నా బతుకు. కుదురుగా ఒకచోట కూర్చోమని పిల్లలను కసిరే పెద్దమనుషులంతా నా కిందికి చేరగానే, నన్ను మాత్రం ఇంకాస్త జోరుగా తిరగమంటారు. మీ న్యాయాలు ఎప్పుడూ ఇంతే లెండి.

మీరు మనుషులను మొహం చూసి గుర్తుపడతారు, నేను నడినెత్తి చూసి గుర్తుపడతాను. ఎవరి పాపిడి వంకర, ఎవరు జుట్టుకు రంగేసుకుని వెనకవైపు మరిచిపోయారు, ఎవరికి రెండు సుడులున్నాయి, ఇవన్నీ నాకు తెలిసినంతగా వాళ్ల ఇంట్లోవాళ్లకు కూడా తెలియవు.

నన్ను ఎక్కడో పెద్ద ఊళ్లో, ఫ్యాక్టరీలో చేశారు. రాగి తీగ చుట్టిన చేతులు, రెక్కలు బిగించి "ఏదీ, తిరుగు చూద్దాం" అన్న గొంతు లీలగా గుర్తున్నాయి. అట్టపెట్టెలో లారీ ఎక్కి కడప జిల్లాలోని ఈ ఊరికి వచ్చాను. మొదట సినిమా హాల్లో ఆడవాళ్ల బెంచీల మీద తగిలించారు. అబ్బో, ఏం సందడి అది. చంటిపిల్లల ఏడుపులు, మల్లెపూల వాసన, శనక్కాయ పొట్టు, తెర మీది దుర్మార్గుడికి శాపనార్థాలు. హీరోయిన్ ఏడిస్తే కింద ముక్కులన్నీ ఒక్కసారి చీదేవి. ఆ హాలు మూతపడ్డాక నన్ను ఊడబీకి పాత సామాన్ల అంగట్లో పడేశారు. అక్కడ తిరగకుండా పడి ఉన్న రోజుల గురించి నన్ను అడగకండి. తలుచుకుంటే ఇప్పటికీ బేరింగులు పట్టేస్తాయి.

అక్కడినుంచి నన్ను విడిపించినవాడు ఓబులేసు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. తల్లి పోయాక ఆమె పేరు మీద ఏదైనా ఇవ్వాలనుకున్నాడు. గుళ్లో ఫ్యాన్లకు చోటు లేదు, ఆయనకంటే ముందే దాతలు బారులు తీరారు. సరే అని మా ఊరి గ్రంథాలయానికి ఇచ్చాడు. ఇచ్చేముందు పెయింటరు చేత నా మూడు రెక్కల మీదా ఎర్ర అక్షరాలు రాయించాడు. ఒకదాని మీద 'కీ.శే. తిమ్మక్క గారి', ఇంకోదాని మీద 'జ్ఞాపకార్థం', మూడోదాని మీద 'కుమారుడు ఓబులేసు, కండక్టరు'. మీ తెలివికి దండం పెట్టాలి. పదిమందీ చదవాలని రాయించే పేరును తీసుకెళ్లి తిరిగే రెక్కల మీద రాయిస్తారు. నేను పని చేస్తున్నంతసేపూ అక్కడ ఎర్రటి చార తప్ప ఏమీ కనబడదు. ఆ పేరు చదవాలంటే కరెంటు పోవాల్సిందే.

మా గ్రంథాలయంలో ఉన్నవి రెండే గదులు. ముందు గదికి మిద్దె కప్పు, దానికి ఒకే కొక్కెం, ఆ కొక్కేనికి నేను. నా కింద దినపత్రికల బల్ల, దాని చుట్టూ ఐదు కుర్చీలు. వెనక గదికి రేకుల కప్పు. అందులో విరిగిన బెంచీలు, చెదలు తిన్న అట్టలు కుప్పగా పడి ఉండేవి. సరిగ్గా నా నడుము కింద ఉన్న కుర్చీ ఓబులేసుది. మిగతా నాలుగూ ఆయన స్నేహితులవి. పొద్దున తలుపు తీసేసరికే గడప దగ్గర ఉండేవాళ్లు. పేపరు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా నమిలి మింగి, గొంతులు సవరించుకుంటూ, సాయంత్రం దాకా కదిలేవాళ్లు కారు. ఓబులేసు బట్టతల ఎంత నున్నగా ఉండేదంటే, అందులో నా రెక్కలు నాకే కనిపించేవి.

ఆడవాళ్లు రాకపోలేదు. వచ్చేవాళ్లు. గడప లోపల రెండడుగులు వేసి, నవల ఇచ్చి ఇంకో నవల తీసుకుని, కొంగు సర్దుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. నా దాకా ఎవరూ వచ్చేవాళ్లు కారు. సినిమా హాలు సందడి మరిగినదాన్ని, ఐదుగురు మగవాళ్ల దగ్గులు వింటూ ఏళ్లకేళ్లు గడపాల్సి వచ్చింది. ఏం చెప్పమంటారు, నాకు పిచ్చెక్కినంత పనైంది.

అలాంటి రోజుల్లో వకుళ మేడం లైబ్రేరియనుగా వచ్చింది. చూడగానే నచ్చింది నాకు. ఒక్క నిమిషం కుదురుగా నిలబడే రకం కాదు. బీరువా జరిపేది, మళ్లీ వెనక్కి జరిపేది, కిటికీ తెరిచేది, నడుము మీద చేతులు పెట్టుకుని గదంతా కలయజూసేది. ఆమె చూపు చివరికి ఒకే చోట ఆగేది. బీరువాకు ఆనుకుని నిలబడి చదివే షమీమ్ దగ్గర.

షమీమ్ బట్టలు కుట్టే అంగట్లో పని చేస్తుంది. మధ్యాహ్నం అన్నం వేళ దొరికే కాస్త తీరికలో ఇక్కడికి పరుగెత్తుకొచ్చేది. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతోంది. ఆ పరీక్ష పుస్తకం మా దగ్గర ఒక్కటే ఉంది, దాన్ని ఇంటికి ఇవ్వరు. ఇచ్చినా ఇంట్లో ఉన్నది ఒక్కటే గది, అందులో టీవీ, ఇద్దరు అన్నలు. కాబట్టి ఇక్కడే, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ, నిలబడి చదివేది. చెమట ధారగా కారి పుస్తకం మీద పడకుండా చున్నీతో తుడుచుకునేది. నా గాలి బీరువా దాకా పోదు. ఎంత విసురుగా తిరిగినా పోదు. నా ఆరాటం ఎవరికి చెప్పుకోను?

ఇంతలో గ్రంథాలయాన్ని ఆకర్షణీయంగా మార్చమని పై ఆఫీసు నుంచి కొద్దిపాటి డబ్బు వచ్చింది. రంగు డబ్బాలకే సరిపోయేంత. వకుళ మేడం ఎగిరి గంతేసినంత పని చేసింది. వెనక గది ఊడ్చి కడిగించింది. గోడలకు పసుపు రంగు వేయించింది. తన పాత చీరలు తెచ్చి కిటికీలకు తెరలు కుట్టించింది, కుట్టింది షమీమే. గోనెసంచుల్లో దూది అంగడి చెత్త కూరి మెత్తలు చేసింది. పాత లారీ టైర్లకు నవారు అల్లించి పీటలు చేసింది. చూడడానికి ముచ్చటగానే ఉంది, కాదనను. పై ఆఫీసువాళ్లు వచ్చి, టైర్ల మీద కూర్చుని ఫొటోలు దిగి, మెచ్చుకుని వెళ్లారు. చెమట ఫొటోలో పడదు కదా.

ఆ గదిలో ఎవరూ పావుగంట కూర్చోలేకపోయారు. ఎండాకాలం, మా సీమ ఎండ, పైన రేకులు. నిప్పుల కొలిమి అనుకోండి. ఫ్యాను వేద్దామంటే రేకులకు కొక్కెం లేదు, కొనడానికి డబ్బు మిగల్లేదు. ఇంటినుంచి తెచ్చిన టేబుల్ ఫ్యాను రెండో రోజే కాలిపోయింది. పాపం, వేడిగాలినే అటూ ఇటూ తిప్పి ప్రాణం వదిలింది. షమీమ్ మెత్త మీద కూర్చుని, తల తిరుగుతోందని లేచి, మళ్లీ బీరువా పక్కకే వచ్చింది. అప్పుడు వకుళ మేడం మొహం చూడాల్సింది. అన్నీ పెట్టి ఉప్పు మరిచిపోయిన ఇల్లాలి మొహంలా ఉంది.

ఆ సాయంత్రం ఆమె తలెత్తి నావైపు చూసింది. తర్వాత నా కింది బల్లవైపు చూసింది. నా గుండె, అదే, నా మోటారు ఝల్లుమంది.

మర్నాడు ఓబులేసుతో మెల్లగా మాట కదిపింది. "పెద్దాయనా, పేపర్ల బల్ల వరండాలో వేయిస్తాను. చల్లగా ఉంటుంది. ఇక్కడ ఆడపిల్లలు చదువుకుంటారు."

"వరండా అంత సల్లగా ఉంటే ఆడపిల్లోళ్లనే ఆడ కూచ్చోబెట్టు మేడం" అన్నాడు ఆయన పేపరు దించకుండానే.

"వీధి మొహాన కూర్చోబెడితే వాళ్లను చదవనిస్తారా ఎవరైనా?"

"అది నాకు తెల్దు. ఈ ఫ్యాను నేనిచ్చింది. నా ఫ్యాను కింద నేను కూచ్చోకుంటే ఇంగెవురు కూచ్చుంటారు?"

ససేమిరా అన్నాడు. వకుళ మేడమూ తక్కువది కాదు. సాయంత్రం తాళం వేసేముందు బల్ల వరండాలోకి లాగించేది. పొద్దున్నే ఐదుగురూ కలిసి, నడుములు పట్టుకుని, ఆయాసపడుతూ దాన్ని మళ్లీ లోపలికి లాక్కొచ్చేవాళ్లు. బల్ల కాళ్లు నేల మీద గీసిన చారలు పైనుంచి నాకు ఎద్దుబండి బాటలా కనిపించేవి. పరీక్ష దగ్గరపడుతోంది. షమీమ్ చదివే పుస్తకంలో సగం పేజీలు కూడా తిరగలేదు. ఈ గొడవంతా తనవల్లేనని ఆ పిల్ల ముడుచుకుపోయి, రావడమే తగ్గించింది. ఒకరోజు వస్తే రెండు రోజులు రాదు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ నేనేం చేయగలను, గిర్రున తిరగడం తప్ప?

ఒక మధ్యాహ్నం షమీమ్ వచ్చింది. బీరువా పక్కన నిలబడి పుస్తకం తెరిచిందో లేదో, కరెంటు పోయింది.

కరెంటు పోతే మనుషులంతా తలెత్తి నన్నే చూస్తారు, తప్పు నాదే అన్నట్టు. ఆ రోజూ చూశారు. నేను మెల్లమెల్లగా వేగం తగ్గి, చివరి చుట్టు తిరిగి, ఆగాను. షమీమ్‌కు ఏది కనబడితే అది చదివే అలవాటు. తనవైపు ఆగిన రెండు రెక్కలూ పైకే చదివింది. "కీర్తిశేషులు తిమ్మక్క గారి జ్ఞాపకార్థం." ఆగి, ఓబులేసును అడిగింది. "తిమ్మక్క అంటే ఎవురు తాతా?"

"మాయమ్మ" అన్నాడు ఓబులేసు. ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. పేపరు పక్కన పెట్టాడు.

"ఆయమ్మ గూడా ఈడికొచ్చి చదువుకునేదా?"

"యాడ చదువు. అచ్చరం ముక్క రాదు మాయమ్మకు. నేను బళ్లో ఉంటే మధ్యాన్నం సంగటి తెచ్చేది. నేను తినేదాకా గేటుకాడ్నే నిలబడేది. అయివారు లోపలికొచ్చి కూచ్చోమ్మా అన్నా రాకపోయేది. ఆడదాన్ని, నాకు లోపల ఏం పని సామీ అనేది."

"ఎండలోనా తాతా?"

"ఎండలోనే."

అని ఆయన ఆ పిల్లవైపు చూశాడు. మొహంవైపు కాదు, పాదాలవైపు. షమీమ్ ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది.

"నువ్వెందుకమ్మీ నిలబడుకోని చదువుతాండావు?"

"ఈ పుస్తకం ఇంటికియ్యరు తాతా."

"కూచ్చోని చదవచ్చు గదా."

షమీమ్ ఐదు కుర్చీలవైపూ చూసి తల దించుకుంది. ఓబులేసు తలెత్తి నా రెక్కవైపు చూశాడు. తన చేత్తో డబ్బిచ్చి రాయించిన తల్లి పేరు అది. ఆ పేరు కింద ఇన్నేళ్లుగా ఒక్క ఆడమనిషీ కూర్చోలేదు. ఆ సంగతి ఆయనకు అప్పుడే తట్టింది. కళ్లు చెమ్మగిల్లడం పైనుంచి నాకు కనబడదు కానీ, ఆ బట్టతల వంగిపోవడం కనబడింది.

అంతలో కరెంటు వచ్చింది. నిజం చెబుతున్నాను, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకు తిరగబుద్ధి కాలేదు. తిరిగితే ఆ పేరు చెరిగిపోతుంది కదా అనిపించింది. కానీ నా ఇష్టం ఎవరు అడిగారు? తిరిగాను.

ఓబులేసు లేచాడు. గొంతు సవరించుకున్నాడు. సర్వీసులో ఉన్ననాటి గొంతు, నిండు బస్సులో చివరి సీటు దాకా వినబడే గొంతు బయటికి వచ్చింది. "ఆడోళ్ల సీట్లు. లేయండి, లేయండి. ఎనక్కి జరగండప్పా."

ఆ నలుగురూ ఆలోచించకుండానే లేచి నిలబడ్డారు. జన్మంతా ఆ కేక విని లేచినవాళ్లు మరి. ఒకాయన సంచి కూడా చంకన పెట్టుకున్నాడు. ఇంకొకాయన చెయ్యి పైకెత్తి పట్టుకోవడానికి కమ్మీ వెతికాడు. అది బస్సు కాదని తెలిసేసరికి, మళ్లీ కూర్చోవడానికి సిగ్గేసింది.

"ఇదేమన్నా బస్సా ఓబులేసూ?" అని గొణిగాడు సంచి ఆయన.

"ఇన్నేండ్లు టికెట్ లేకుండా కూచ్చుంటిరి గదా. దిగండి."

ఆ సాయంత్రం బల్ల కుర్చీలతో సహా వరండాలోకి వెళ్లింది. మళ్లీ లోపలికి రాలేదు. వెనక గదిలోని మెత్తలు, టైరు పీటలు నా కిందికి వచ్చాయి. ఓబులేసు పాత పెయింటరునే పిలిపించి, వకుళ మేడాన్ని అడగకుండానే, పక్క గోడ మీద ఎర్ర అక్షరాలతో 'స్త్రీలకు' అని రాయించాడు, అచ్చం బస్సులో ఉన్నట్టే. ఆమెకు అది కంటికి నదురుగా లేదు. పసుపు గోడలు, చీర తెరలు ఊహించుకున్న మనిషికి ఎలా నచ్చుతుంది? అయినా చెరిపించలేదు, ఎందుకంటే అది చూసి ఆడవాళ్లు లోపలికి వచ్చారు. రంగులు చూసి రానివాళ్లు, ఆ ఒక్క మాట చూసి, ఎవర్నీ అడగకుండా, తమ సీటులో తాము కూర్చున్నట్టు దర్జాగా కూర్చున్నారు. నా కిందికి మల్లెపూల వాసన మళ్లీ వచ్చింది. ఆ రోజు నేను ఎంత జోరుగా తిరిగానంటే, ఊడిపడతానేమోనని వకుళ మేడం రెగ్యులేటరు తగ్గించింది.

పెద్దవాళ్లు కొన్నాళ్లు సణిగారు. వరండాలో వీధి కనబడుతుందని తెలిశాక అదీ మానేశారు. ఇప్పుడు పేపరు ఊరికే చేతిలో ఉంటుంది, చూపంతా వీధి మీదే. షమీమ్ రాత పరీక్ష గట్టెక్కింది. ఇక పరుగు పరీక్ష ఉందట, పొద్దున్నే మైదానంలో ఉరుకుతోందట. ఆ పిల్లా నాలాగే తిరుగుతోందన్నమాట.

నాకు వయసైపోయింది. కీచుమంటున్నాను. మొన్న కరెంటు పనివాడు వచ్చి, దీన్ని పాత సామాన్లకు వేసి కొత్తది పెట్టుకోండి మేడం అన్నాడు. చూద్దాంలే అంది వకుళ మేడం. ఆ అంగడి తలుచుకుంటే వణుకు పుడుతుంది, దాచడం ఎందుకు.

అయినా ఇప్పుడు నా కోరిక ఒక్కటే, అదీ విచిత్రమైనది. అప్పుడప్పుడు కరెంటు పోవాలి. కరెంటు పోగానే వరండాలోంచి ఓబులేసు లేచి గడప దగ్గరికి వస్తాడు. లోపలికి రాడు. "రా తాతా, కూచ్చో" అంటారు ఆడపిల్లలు. "ఆడోళ్ల సీట్లు. నాకు లోపల ఏం పనమ్మా" అంటాడు. ఎండ వీపున పడుతుంటే అక్కడే నిలబడి, తలెత్తి, నేను ఆగేదాకా చూస్తాడు. కొత్తగా వచ్చిన పిల్ల ఎవరో నా రెక్క చదివి, తిమ్మక్క ఎవరని అడుగుతుంది. పక్కపిల్ల పుస్తకంలోంచి తల ఎత్తకుండానే చెబుతుంది. "ఈ సీట్లు ఆయమ్మవే."