రెండు వేళ్ళ గుడ్డ

ఇలా రా, నా ఎడమ పక్కన కూర్చో. కుడి పక్క వద్దు, ఈ చేతికి ఏదైనా తగిలితే నీకేం కాదు గానీ నాకు ప్రాణం లేచిపోతుంది. నానమ్మా, నీ వేళ్ళు రెండు ఎందుకు వంగవని ఎన్నిసార్లు అడిగావో. మీ నాన్న ఒకలా చెప్పాడు, వీధిలో వాళ్ళు ఇంకోలా చెప్పారు. చేయి నాది కాబట్టి నేను చెప్పేది విను.

అప్పటికి నాకు అరవై నిండలేదు. నా కుట్టుకొట్టు ఇంత వెడల్పుండేది, చేతులు చాపితే రెండు గోడలూ తగిలేవి. మిషను వీధికేసి ఉండేది, వెలుతురు కోసం సగం, వీధి కబుర్ల కోసం సగం. పక్క కొట్టులో గేట్లు, షట్టర్లు చేసే అతను ఉండేవాడు. షట్టరబ్బాయి అనేవారు అందరూ. అబ్బాయంటే నలభై ఏళ్ళవాడు, కోపం ఎప్పుడూ ముక్కు మీదే. మా రెండు కొట్లకీ మధ్య ఒక్కటే రేకు గోడ, పైన జానెడు సందు. అతను వెల్డింగు మొదలుపెడితే రవ్వలు ఆ సందులోంచి ఎగిరొచ్చి నా గుడ్డల మీద పడేవి.

"రవ్వకి కళ్ళుంటాయా పిన్నీ" అనేవాడు.

"నీకున్నాయి కదరా" అనేదాన్ని.

ఇలా ఏడాది గడిచింది.

ఆ వేసవిలో వీధి చివర బడిలో చిన్న తరగతి పిల్లలకి యూనిఫారాలు కుట్టడానికి ఒప్పుకున్నాను. నలభై మంది. ఒక్కొక్కర్నీ నిలబెట్టి కొలతలు తీశాను. కితకితలని ఒకడు, టేపు చల్లగా ఉందని ఒకతి, తిన్నగా నిలబడినవాళ్ళు లేరు. బడి తెరవడానికి రెండు నెలలు గడువు. నీలం తాను తెచ్చి మడత పెట్టి ఉంచాను. ఒక మధ్యాహ్నం విప్పి చూస్తే ఒకే రవ్వ మడతల్లోంచి దిగి వరసగా ఆరు బెజ్జాలు చేసింది.

ఆ గుడ్డ పట్టుకుని వెళ్ళాను. అతని కొట్టు ముందు నడుమెత్తు ఇనప బల్ల ఒకటి, షట్టరు సరిగ్గా దాని మీదికి దిగుతుంది. బల్ల అవతల అతను, ఇవతల గేటు చేయించుకోవడానికి వచ్చిన ఇద్దరు. బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద కుడిచేయి ఆన్చి, వాళ్ళ ముందే అతన్ని దులిపి ఆరేశాను. నా నోరు నీకు తెలుసుగా. చివర్లో ఆ ఇద్దరితో అన్నాను, "గేటు సంగతి తర్వాత బాబూ, ముందు ఈ మనిషికి ఒక తాళం చేయించండి" అని. వాళ్ళు పకపకా నవ్వారు.

అతను షట్టరు లాగాడు.

చప్పుడు ముందు వినిపించింది. నొప్పి తర్వాత వచ్చింది.

మీ నాన్న అప్పుడు బస్సు నడిపేవాడు. కబురు తెలియగానే ప్రయాణికులతో సహా బస్సుని ఆసుపత్రికి తెచ్చేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అబద్ధం, అందర్నీ దింపే వచ్చాడు. ఎక్కడ దింపాడన్నది అడక్కు. నా మంచం పక్కన నిలబడి, "వాణ్ణి మూడేళ్ళు లోపల కూర్చోబెట్టకపోతే చూడు" అన్నాడు. పోలీసులు అప్పటికే తీసుకెళ్ళారు, కేసు రాశారు.

నాలుగు వేళ్ళు విరిగాయని డాక్టరు చెప్పాడు. నేను అడిగింది ఒక్కటే, కత్తెర ఎప్పుడు పట్టుకోవచ్చని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

తర్వాత వారం ఒక అమ్మాయి ఇంటికొచ్చింది. నీలాగే సన్నగా, భుజాన పెద్ద సంచీ. కోర్టు తరఫున సర్దుబాటు సభలు నడుపుతుందట. "మామ్మగారూ, మీరు ఒప్పుకుంటే ఈ కేసు కోర్టులో కాకుండా సభలో కూర్చుని తేల్చుకోవచ్చు. మీకేం కావాలో ఆయన మొహం మీదే అడగొచ్చు. అక్కడ అన్న మాట కోర్టుకి వెళ్ళదు. ఒప్పుకున్న పని ఆరు నెలలు సరిగా చేస్తే కేసు మూసేస్తారు. చేయకపోతే మళ్ళీ కోర్టుకే" అంది.

మీ నాన్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. "చేయి విరగ్గొట్టినవాడితో మా అమ్మ కబుర్లు చెప్పుకోవాలా?"

"నేను వెళ్తాను" అన్నాను.

"అమ్మా."

"విరిగింది నీ చేయా? కాదు కదా. వాడు మూడేళ్ళు లోపల కూర్చుంటే నా చేతికి ఏమొస్తుందో చెప్పు, ఆగిపోతాను."

లేచి తలుపు దడాలున వేసి పోయాడు. చెప్పలేనప్పుడు తలుపు గట్టిగా వేయడం మీ తాతగారి నుంచి వచ్చింది.

సభ గ్రంథాలయం మేడ మీద జరిగింది. కుర్చీలు గుండ్రంగా వేశారు, మధ్యలో బల్ల లేదు. బల్ల లేకపోతే చేతులెక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలియదు. నాకా ఇబ్బంది లేదు, నాది మెడకి వేలాడుతోంది. నేను, మీ నాన్న, ఆ సభ అమ్మాయి, షట్టరబ్బాయి, అతని భార్య. ఐదుగురం.

అతను కాగితం తీసి చదివాడు. జరిగినదానికి చింతిస్తున్నాడట. లాయరు రాసిచ్చిందని రెండో మాటకే తెలిసిపోయింది. ఆ మనిషి జన్మలో చింతించడం అన్న మాట వాడలేదు.

"కాగితం పక్కన పెట్టు" అన్నాను. "ఒక్కటే అడుగుతాను. షట్టరు లాగేటప్పుడు నా చేయి చూశావా, లేదా?"

"చూడలేదు పిన్నీ. ఒట్టు."

"నీలం గుడ్డ మీద తెల్ల గాజుంది. నీకు మూరెడు దూరం."

"కోపంలో కనపడలేదు."

నేను లేచి నిలబడ్డాను. "అమ్మాయ్, చూడకుండా జరిగితే అది ప్రమాదం. ప్రమాదానికి సభ ఎందుకు? పద నాయనా, ఇంటికి పోదాం" అన్నాను. మీ నాన్న సంతోషంగా నా సంచీ అందుకున్నాడు. తలుపు దాకా వెళ్ళామో లేదో, వెనక నుంచి అతని భార్య మెల్లిగా అంది, "నాతో చెప్పిందే ఇక్కడా చెప్పు."

అతను ఎవర్నీ చూడలేదు, తన బూట్లనే చూసుకుంటూ అన్నాడు. "చూశాను. తీసేస్తావులే అనుకోలేదు కూడా. చూసే లాగాను."

మీ నాన్న అతని మీదికి వెళ్ళబోయాడు. నా ఎడమచేయి అడ్డం పెట్టాను. తిరిగొచ్చి కూర్చున్నాను. ఎందుకో గుండెలో బరువు కొంచెం పక్కకి జరిగింది. అప్పటిదాకా నాకే అనుమానం, నా నోరే నా చేయి విరగ్గొట్టిందేమోనని.

"ఇప్పుడు నాకేం కావాలో చెప్తాను" అన్నాను. "ఆ సందు మూసెయ్. నలభై జతలు నువ్వు కుట్టాలి. నా కొట్లో, నా మిషను మీద, వీధికి ఎదురుగా కూర్చుని. నేను చెప్తాను, నువ్వు చేస్తావు."

సభ అమ్మాయి దగ్గింది. "మామ్మగారూ, మామూలుగా పార్కు శుభ్రం చేయడం, క్షమాపణ లేఖ, అలాంటివి ఉంటాయి."

"పార్కు చేయి నేను విరగ్గొట్టలేదు, పార్కు నా చేయి విరగ్గొట్టలేదు. దానికీ మాకూ ఏం సంబంధం?"

షట్టరబ్బాయి తల అడ్డంగా ఊపాడు. "పిన్నీ, జైలుకే పంపించు. వీధి వీధంతా చూస్తుంటే కుట్టుమిషను మీద కూర్చోలేను."

"అదీ సంగతి. జైల్లో నీ మొహం ఎవరూ చూడరు, నువ్వు నా మొహం చూడక్కర్లేదు. నీకు సుఖంగా ఉంటుందని పంపిస్తానా? నువ్వు మూడేళ్ళు గోడకేసి చూస్తూ కూర్చుంటే ఆ పిల్లలు నీ గోడ తొడుక్కుని బడికి పోతారా?"

అతని భార్య నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను ఒప్పుకున్నాడు. మీ నాన్న నాతో నెల రోజులు మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు, మాట్లాడేవాడు కాదు.

మొదటిరోజే సందు మూశాడు. ఒక రేకు ముక్క, నాలుగు అతుకులు, పావుగంట. ఏడాది పోట్లాడాం, పావుగంట పని.

ఆ తర్వాత మిషను. ఆ పెద్ద పాదాలు పెడలు మీద పెడితే మిషను దడదడలాడి వెనక్కి కుట్టేది. దారం తెంపేవాడు, సూది విరిచేవాడు. పోయేవాళ్ళు ఆగి మరీ చూసేవారు. ఒకడు, "ఏం షట్టరబ్బాయ్, నా చొక్కాకి గుండీ ఊడింది, కుట్టవా?" అన్నాడు. "నీ నోటికి రెండు కుట్లు వేయమంటావా, ఖాళీగానే ఉన్నాం" అన్నాను నేను. షట్టరబ్బాయి తలెత్తకపోయినా చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నేను అతన్ని తిట్టొచ్చు. వీధిలో వాళ్ళు తిట్టడానికి సభలో ఒప్పందం లేదు.

నెల తిరిగేసరికి తిన్నగా కుట్టడం వచ్చింది. అప్పుడే నా చేయి మళ్ళీ కోసి సరిచేయాలని రెండు రోజులు ఆసుపత్రిలో పడుకోబెట్టారు. వెళ్ళేముందు గుడ్డ మీద నలభై జతలకీ అతని చేత సుద్దతో గీతలు గీయించాను. "గీత మీదే కత్తిరించు, వెంట్రుకవాసి తప్పినా ఊరుకోను" అని చెప్పి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి నలభై జతలూ కత్తిరించి దొంతర పెట్టాడు. పైదాన్ని చేతిలోకి తీసుకున్నాను. రెండోది తీశాను. అన్నీ సరిగ్గా గీత మీదే కత్తిరించాడు. లోపల కుట్టుకి గుడ్డ వదల్లేదు. కుడితే ఒక్కొక్కటీ పిల్లలకి బిగుసుకుపోతుంది.

సరిగ్గా ఆవేళే సభ అమ్మాయి తనిఖీకి వచ్చింది, వెనకాలే మీ నాన్న. దొంతర చూశాడు, నా మొహం చూశాడు. నెల తర్వాత నాతో మొదటి మాట, "చెప్పానా?" అని. "కావాలనే పాడుచేశాడు. రాసేయండి మేడం."

ఆ అమ్మాయి నొచ్చుకుంటూనే కాగితం తీసింది. "ఒప్పందం తప్పినట్టు మీరు వేలిముద్ర వేస్తే కేసు కోర్టుకి వెళ్తుంది మామ్మగారూ." సిరా పెట్టె మూత కూడా తీసింది.

షట్టరబ్బాయి మిషను ముందు నుంచి లేచి నిలబడ్డాడు. చేతులు రెండూ పక్కన వేలాడేసి, పోలీసు వచ్చేసినట్టే.

"ఎందుకిలా కోశావు?" అన్నాను.

"గీత మీదే కోయమన్నావు కదా పిన్నీ. ఇనుములో గీత దాటితే తప్పు. దాటినంతా దండగ."

అప్పుడు నాకు తట్టింది. నలభై ఏళ్ళు కత్తిరించాను నేను. గీత గీస్తాను, కత్తెర మాత్రం గీతకి రెండు వేళ్ళ అవతల నడుపుతాను. కుట్టుకి కొంత, పిల్లలు ఎదిగితే విప్పి వదులు చేయడానికి కొంత. ఎవరూ నేర్పలేదు, ఎవరికీ చెప్పలేదు, చేయే చూసుకునేది. ఆ చేయి విరిగాక ఆ రెండు వేళ్ళ మాట నా నోటికి రాలేదు. చెప్పాల్సింది చెప్పకుండా, గీత మీదే కోయమని గదమాయించి పోయింది ఎవరు? నేనే.

ఉన్న ఒక్క చేయీ వెనక్కి పెట్టుకున్నాను.

"వేయను."

"అమ్మా, ఎన్నిసార్లు వెనకేసుకొస్తావు వాణ్ణి?"

"వెనకేసుకురావడం లేదు. చేయి విరిచింది వాడు, అది వాడి లెక్కలోనే ఉంటుంది, చచ్చేదాకా. గుడ్డ పాడైంది నా మాటతో. నా తప్పు వాడి నెత్తిన పెట్టి జైలుకి పంపించమంటావా? అలాంటి ముద్ర నా వేలు వేయదు. బలవంతంగా వేయిస్తారేమో, రండి, ముగ్గురున్నారు."

ఎవరూ రాలేదు. సిరా పెట్టె మూత మళ్ళీ మూసిన చప్పుడు వినిపించింది.

"బడి తెరవడానికి పన్నెండు రోజులుంది" అంది ఆ అమ్మాయి. "బట్టలు ఎలా మరి?"

బూడిదరంగు గుడ్డ అటక మీద ఉంది. ప్రతి జతకీ వదులు రావడానికి రెండు పక్కలా పొడుగ్గా పట్టీ వేయమన్నాను. "ఈసారి లోపల రెండు వేళ్ళు వదులు" అన్నాను. అతను తన వేళ్ళు పెట్టబోయాడు. "నీవి కాదు, అవి గేటు కడ్డీల్లా ఉన్నాయి. నావి" అని ఎడమచేయి గుడ్డ మీద పెట్టాను. నా వేళ్ళ పక్కన సుద్దతో గీత గీశాడు. చేయి తగలకుండా, ఎంత జాగ్రత్తగా గీశాడో చెప్పలేను. బల్ల మీద ఒక ఆడదాని చేయి, దాని ముందు అతను. ఇద్దరికీ గుర్తొచ్చింది. మీ నాన్న గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. కాసేపటికి చొక్కా చేతులు మడిచి పట్టీలు కత్తిరించడానికి కూర్చున్నాడు, షట్టరబ్బాయికి వీపు పెట్టి.

పెద్దమేడం బడి మెట్ల మీద ఒక జత ఎత్తి పట్టుకుని, "మా యూనిఫారానికి పట్టీ లేదండీ" అంది.

"ఈ ఏడాది ఉంది" అన్నాను.

ఆరు నెలలు నిండిన రోజు సభ అమ్మాయి పత్రిక మనిషిని వెంటబెట్టుకొచ్చింది. మేమిద్దరం చేతులు కలిపితే ఫొటో తీస్తారట. కింద ఏం రాయాలో కూడా ఆలోచించుకున్నారు, క్షమించిన మామ్మ అని.

"చేయి కలపాలంటే ముందు అది వంగాలి కదా నాయనా" అన్నాను. "క్షమించానని ఎవరికి చెప్పాను? పని చేయించుకున్నాను, అంతే. కావాలంటే ఆ పట్టీల ఫొటో తీసుకో."

తీసుకోలేదు. షట్టరబ్బాయి మాత్రం తన కొట్లోకి వెళ్ళి ఆ ఇనప బల్ల అంచంతా గ్రైండరుతో అరగదీయడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు. రవ్వలు ఇటు రాలేదు.

ఇదీ సంగతి. నీ పిల్లలు అడిగినప్పుడు నువ్వే చెప్పాలి, అప్పటికి నేనుండను. నా తిట్లు కొన్ని తగ్గించుకున్నా ఫరవాలేదు, పొడిగించుకున్నా ఫరవాలేదు. కానీ అతను "చూశాను" అన్న మాటా, నేను వేలు వెనక్కి పెట్టుకున్న సంగతీ రెండూ చెప్పు. ఒకటి చెప్పి ఒకటి వదిలేశావంటే నేను ఎక్కడున్నా వచ్చి నీ చెవి మెలిపెడతాను, ఎడమచేత్తో.