పైకి పోయాడు

ఊరి మీద పొద్దస్తమానం ఒక తెల్ల బెలూను వేలాడుతూ ఉంటుంది. దాని కడుపులో కెమెరాలున్నాయి. విదేశీ సైన్యం వచ్చిన వారానికే, కొండమీద దాక్కున్న తిరుగుబాటువాళ్లను కనిపెట్టడానికి దాన్ని ఎగరేశారు. జనం దానికి పగటి చందమామ అని పేరు పెట్టారు. పైనున్న దేవుడికి చూపు మందగించిందేమో, వీళ్లొచ్చి కళ్లజోడు తగిలించారని పక్క కొట్లో ఇస్త్రీ చేసే బాబాయ్ నవ్వేవాడు. దర్జీ అక్క మిషను తొక్కుతూ దాన్నే చూస్తుండేది. అది కదిలీ కదలనట్టు కదిలితే, ఊరంతా దాని దారానికే వేలాడుతోందేమో అనిపించేది ఆమెకు.

అక్కకు మిగిలింది తమ్ముడొక్కడే. అన్నయ్య రెండేళ్ల కిందట విషజ్వరంతో పోయాడు. తమ్ముడు ఆమె గదిలోనే కిటికీ పక్కన బల్ల వేసుకుని గడియారాలు బాగుచేస్తాడు. ఇక పనికిరాదని పారేయబోయిన గడియారాన్ని కూడా చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని విని, బతికే ఉందని చెప్పేవాడు.

సైన్యం ఊరికే రాలేదు లెండి, అన్యాయంగా మాట్లాడకూడదు. కొండవాళ్లు సంతలో బాంబు పెట్టి తొమ్మిదిమందిని పొట్టన పెట్టుకున్నారు. అప్పుడు కొండమీద ఉన్నది పాతికమందే. వీళ్లొస్తే పీడ విరగడవుతుందని అక్క కూడా సంబరపడింది.

ఒక ఉదయం ముగ్గురు సైనికులు జాబితా పట్టుకుని గదిలోకి వచ్చారు. వాళ్ల మాటను మన మాటలోకి మార్చి పలికే చిన్న పెట్టె ఒకటి వాళ్ల చేతిలో ఉంది. అది మాట్లాడుతుంటే వరుసలు తెలియని కొత్త అల్లుడు మాట్లాడినట్టుంది. జాబితాలో అన్నయ్య పేరుంది.

"మీ అన్న ఎక్కడ?" అంది పెట్టె.

"పోయాడండి."

"ఎక్కడికి పోయాడు?"

ఇదేం పిచ్చి ప్రశ్నరా నాయనా అనుకుంది అక్క. చెయ్యెత్తి, "పైకి" అంది.

ఎత్తిన చెయ్యి కిటికీ వైపుంది. కిటికీలోంచి కనబడేది కొండే. సైనికుడు చేతినీ కొండనీ మార్చి మార్చి చూసి ఏదో రాసుకున్నాడు. కొండమీదివాడి తమ్ముడని చెప్పి, ఆ సాయంత్రమే తమ్ముణ్ణి తీసుకుపోయారు.

అన్నయ్య మరణపత్రం పట్టుకుని అక్క తిరగని గుమ్మం లేదు. అది చదివేవాడు వాళ్లకు దొరికేసరికి నలభై ఒక్క రోజులు పట్టింది. పొరపాటుకు చింతిస్తున్నామని పెట్టె చేత చెప్పించి వదిలేశారు.

తమ్ముడు చిక్కి సగమై వచ్చాడు. కొత్త చొక్కాకు కొలతలు తీస్తే ఛాతీ రెండంగుళాలు తగ్గింది. అక్క భయపడింది కొలత చూసి కాదు, దండెం వైపు చూసి. సైన్యం రాకముందు ఎవరూ పట్టుకెళ్లని చొక్కా దాని మీద ఒక్కటే ఉండేది. ఇప్పుడు పద్నాలుగున్నాయి. తనిఖీలో తలుపు విరిగినవాడిది, కాల్పుల్లో తండ్రి పోయినవాడిది, కుట్టమని ఇచ్చి, తీసుకోకుండానే కొండెక్కినవాళ్లవే అన్నీ. గాలి వీస్తే అవి నిద్రలో ఉన్నట్టు చేతులు ఊపుతాయి.

అందుకని తమ్ముడి చొక్కాకు ఒక్క గుండీ కుట్టకుండా ఉంచింది. రేపు కుడతా, ఎల్లుండి కుడతా అని వాయిదా వేసింది. చొక్కా పూర్తికాకపోతే వాడు కదలడని ఆమె పిచ్చి నమ్మకం. వాడు గడియారాల జోలికి పోలేదు, కొండనే చూస్తూ కూర్చున్నాడు.

"నలభై ఒక్క రోజులూ అన్నయ్య ఎక్కడున్నాడనే అడిగారక్కా," అన్నాడు చివరికి. "వినగా వినగా నాకూ అనిపించింది, నిజంగానే అక్కడున్నాడేమోనని. మనకోసం చూస్తున్నాడేమోనని. వెళ్లి చూసొస్తా."

"కొండవాళ్లకి నీ చేతులతోనే పనిరా," అంది అక్క. "గడియారం తెలిసిన చేతులు. వాళ్లు బాంబు పెట్టిన ఆ సంతకి నేనూ వెళ్తాను, గుర్తుపెట్టుకో."

తమ్ముడు ఆమె తల నిమిరాడు. మర్నాడు పొద్దున్న బల్ల ఖాళీగా ఉంది. అక్క చొక్కాను గుండీ లేకుండానే దండెం మీద వేసింది.

నెల తిరక్కుండా అదే పెట్టె, అదే జాబితా.

"మీ తమ్ముడు ఎక్కడ?"

పోయాడన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈసారి అదే నిజం. నిజం చెబితే పగటి చందమామ వాణ్ణి వెతుక్కుంటూ పోతుంది. అక్క ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పింది.

"చనిపోయాడు."

పెట్టె ఈసారి తడబడలేదు. కుర్ర సైనికుడు టోపీ తీసి, జాబితాలో పేరు కొట్టేశాడు. వాళ్లు వెళ్లాక అక్క నేలమీద కూలబడి, చనిపోయినవాడికోసం ఏడ్చినట్టే ఏడ్చింది. అందులో అబద్ధం ఎంతో ఆమెకే తెలియలేదు.

ఆ వారం సంతలో బల్ల కింద ఎవరో మరిచిపోయిన సంచీ కనబడింది. జనం అరుచుకుంటూ పరుగెత్తారు. అక్క మాత్రం మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, సంచీకి చెవి ఆనించింది.