వీరరాఘవయ్య అమ్మిన బావి

మంచి మనసట! ధర్మాత్ముడట! వీరరాఘవయ్య పేరు చెబితే నందిగామలో సగం మంది దణ్ణం పెట్టేవాళ్లు. ఆ సగంలో రత్నమణి కూడా ఉండేది, ఇంటి తాళంచెవి చేతికొచ్చేదాకా.

కారణం లేకపోలేదు. బోర్డు స్కూలు మేష్టారు వరప్రసాదరావుకీ, ఆయన భార్య రత్నమణికీ ఊళ్లో ఇల్లమ్ముతానన్న మొదటి మనిషి ఆయనే. పేటలోని క్రైస్తవులకి ఊరి మధ్య అద్దెగది కూడా దొరకని రోజులవి. అలాంటిది హైదరాబాదు రోడ్డు మీద, తన రైసుమిల్లుకి ఆనుకుని తాము కాపురముంటున్న పెంకుటిల్లు, పెరట్లో రాతికట్టు బావితో సహా ఇస్తానన్నాడు. "మీరు మాత్రం మనుషులు కారటయ్యా మేష్టారూ?" అన్నాడు పైగా. ఆ మాటకి మేష్టారి కళ్లు చెమర్చాయి.

రత్నమణికి కావలసింది ఇల్లు కాదు, బావి. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఊరిబావి గట్టు కింద కడవ పెట్టుకుని, ఏ తల్లో దయతలచి పైనుంచి పోసేదాకా ఎండలో నిలబడ్డ మనిషి. "నా చేద నేనేసుకోవాలి. నా పిల్లలు ఇంకోళ్ల ముందు దోసిలి పట్టకూడదు" అని పట్టుబట్టి, చెవిటికల్లులో తల్లి ఇచ్చిన చేను అమ్మించింది.

ఇల్లు చూడ్డానికి ఎన్నిసార్లు వెళ్లారో! గోడలు తట్టి చూశారు. వాసాలకి చెద పట్టిందేమోనని గోటితో గీకి చూశారు. ఏదో కమురు వాసన తగిలేది. మిల్లు పక్కన మల్లెల వాసన వస్తుందా అని సరిపెట్టుకున్నారు. బావి వైపు అడుగేస్తే మాత్రం వీరరాఘవయ్య భార్య బసవమ్మ అరుగు మీద నుంచే కేకేసేది.

"ఆగాగమ్మాయ్! ఇంకా రిజిస్ట్రేషను కాలేదుగా. అందాకా మాకు మడినీళ్లు అవే. ముట్టుకోమాకు తల్లీ."

రత్నమణి చటుక్కున వెనక్కి తగ్గేది. మడి అన్న మాట చెవిన పడితే ఆమె కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. ఇంకెవరైనా అయితే, నీళ్లు నోట్లో పోసుకోకుండా బావి ఎలా కొంటామని నిలదీసి ఉండేవాళ్లు. ఆమెకి ఆ ప్రశ్నే పుట్టలేదు. దాహమంటే పాపం సోడా తెప్పించారు కూడానూ. ఎంత మర్యాదో అని మురిసిపోయింది, పిచ్చిమొహం!

రిజిస్ట్రేషను అయింది. బసవమ్మా వాళ్లూ కొత్త మేడకి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే రత్నమణి కొత్త చేంతాడు, కొత్త బకెట్టు పట్టుకుని బావి దగ్గరికి పరుగెత్తింది. తోడింది. దోసిలి నిండా తీసుకుని ఒక్క గుక్క మింగింది.

ఛీ! క్రూడాయిలు! నాలుకంతా జిడ్డు, గొంతులో మంట. కట్టుకున్న చీర మీదే కక్కుకుంది. బకెట్లో నీళ్ల మీద నెమలికంఠం రంగులు తెట్టు కట్టి తేలుతున్నాయి.

మిల్లులో నూకలు చెరిగే ఆరోగ్యమ్మ, ఆమెకి వరసకి పిన్ని, గోడ మీదుగా చూసి నెత్తి కొట్టుకుంది.

"ఆ నీళ్లెందుకు తాగావే? రోడ్డు పక్కన టాంకీ లేదూ? లారీ వచ్చి దాంట్లో ఆయిలు పోస్తే, ఆడ్నుంచి ఇంజనుకాడికి భూమిలో గొట్టం యేశారు. మీ దొడ్డి కిందే. అది తుప్పట్టి కారి కారి బావి చచ్చింది. ఆళ్లు ఈ నీళ్లు ముట్టి ఏళ్లయింది. వీధిబావి నుంచి మోయించుకునేవోళ్లు."

"మరి మడినీళ్లన్నారే? నువ్వన్నా చెప్పొద్దా పిన్నీ?"

"చెప్తే రేపట్నుంచి నాకు పని ఎవడిస్తాడే?" ఆరోగ్యమ్మ గొంతు తగ్గించింది. "అయినా నీళ్లు బాగుంటే మనకమ్ముతారటే?"

రత్నమణి కాండ్రించి ఉమ్మింది. ఈసారి ఆయిలుకి కాదు. మడట, మడి! ఊళ్లో ఇంకెవరికి అమ్మబోయినా చేద వేసి చూస్తారని తెలిసి, చూడని వాళ్లని వెతుక్కున్నాడు. థూ, ఏం బతుకు! అతని మీద ఎంత అసహ్యం వేసిందో, ఆగమనగానే ఆగిన తన కాళ్ల మీద అంతకి రెండింతలు వేసింది.

"పెద్దవాళ్లతో పెట్టుకోకు రత్నం. స్కూలు కమిటీలో ఉన్నాడు. సాయంత్రం మన గృహప్రవేశం ప్రార్థనకి ఆయన్నే పెద్దగా పిలిచాం" అన్నాడు సంగతి విన్న మేష్టారు నీరసంగా.

"రానివ్వండి" అంది రత్నమణి.

వచ్చాడు. మల్లెపువ్వులాంటి పంచె, కండువా. పేట పేటంతా ముంగిట్లో కూర్చుంది. పాస్టరు ఏసురత్నంగారు దండ వేసి, ఇలాంటి పుణ్యాత్ములు ఊరికొకరుంటే చాలన్నారు. వీరరాఘవయ్య లేచి, దేవుడి ముందు అందరం ఒకటేనని సెలవిచ్చాడు. చప్పట్లు కొట్టారు.

రత్నమణి గ్లాసు నీళ్లతో ఎదురొచ్చింది.

"వద్దమ్మా. ఏమనుకోమాకు, మా ఇంట్లో పట్టింపులు నీకు తెలియనియ్యా?"

నిజమేనని అందరూ తలలూపారు. దుర్మార్గుడు, మళ్లీ ఆ మడి చాటునే దూరాడు!

"తాగొద్దులెండి బాబుగారూ. కాళ్లు కడగనివ్వండి. మా ప్రభువు శిష్యుల కాళ్లు కడిగాడు. మాకది పెద్ద మర్యాద."

అంతమందిలో కాదనలేకపోయాడు. పైగా ముచ్చటపడ్డట్టున్నాడు, పాదాలు ముందుకి చాచాడు. ఆమె పొద్దున తోడిన నీళ్ల బకెట్టెత్తి మోకాళ్ల దగ్గర్నుంచి కుమ్మరించింది. తెల్లపంచె మీద నల్లటి జిడ్డు పాకింది. కంపు గుప్పుమంది. ముందు వరసలో ఆడవాళ్లు చెంగులు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు.

"ఛీ ఛీ! ఏం నీళ్లే ఇవి?" అని అరుస్తూ వీరరాఘవయ్య గెంతాడు.

"మీరమ్మినవే" అంది రత్నమణి. "ఇంతమంది వచ్చారు, అన్నాల వేళయింది. వీళ్లకి మంచినీళ్లు ఎక్కడ తోడుకోమంటారో చెప్పి వెళ్లండి."

చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఒళ్లో పడున్నాయి. అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు. వీరరాఘవయ్య వంగి చెప్పులు వెతుక్కున్నాడు.