వయ్యారిభామ మీద తంటెం

ఇంటి పక్కన ఖాళీ స్థలం ఉంటే గాలి బాగా వస్తుందని ఎవరైనా సంబరపడతారు. హిందీవాళ్ల ఊళ్లో, మోవా అనే పేటలో ఇల్లు కట్టుకున్న కొత్తలో దీనమ్మా అలాగే సంబరపడింది. ఆసుపత్రిలో నర్సుగా నైట్ డ్యూటీలు చేసి చేసి కట్టుకున్న ఇల్లది. తీరా భర్త పాల్ రైల్వేలో గార్డుగా రిటైరై వచ్చేసరికి ఆ గాలే ఆయన ప్రాణం మీదికొచ్చింది. స్థలం నిండా వయ్యారిభామ కలుపు. ఇక్కడివాళ్లు గాజర్ ఘాస్ అంటారు. తెల్లటి చిట్టి పూలతో చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది, మాయదారిది. అది పూసిందంటే పాల్‌కి ఒళ్లంతా దద్దుర్లు, గొంతులో పిల్లికూతలు. ఇల్లు మారితే తప్ప లాభం లేదని డాక్టరు తేల్చేశాడు.

"అమ్మేద్దాం దీనా," అన్నాడు పాల్. "ఎక్కడైనా అపార్ట్‌మెంటులో పై అంతస్తు చూసుకుందాం."

దీనమ్మకు ఏడుపొచ్చింది. "వచ్చే వానాకాలం వెళ్లేదాకా ఆగండి. అప్పటికీ ఇలాగే ఉంటే మీరు చెప్పినట్టే చేద్దాం," అంది.

మాటైతే ఇచ్చేసింది కానీ చేసేదేముంది? ఏటా చేస్తున్నదే కదా! స్థలం యజమాని ఈ ఛాయలకే రాడు. నర్సాపురంలో పుట్టిన మనిషి దీనమ్మ. వాకిట్లో గడ్డిపోచ కనబడకూడదు, నేల అద్దంలా ఉండాలి. అదే పట్టుదలతో ఏటా కూలీలను పెట్టి ఆ స్థలమంతా పారలతో చెక్కించేది. నాలుగు చినుకులు పడగానే వయ్యారిభామ మళ్లీ తయారు. "నాకు సవతిలా దాపురించిందమ్మా," అని విసుక్కునేది.

ఈ ఏడు మాత్రం ఒక్క గోడవార చెక్కించలేదు. అది ఆమె తెలివేం కాదు, పొరుగింటి ఊర్మిళ మాట తీసేయలేక. "అక్కడ చరోటా భాజీ ఉంది దీదీ, లేతాకు కూర వండుకుంటాం. బడా అచ్ఛా లగ్‌తా హై," అని ఊర్మిళ అడిగింది. దీనమ్మ చూస్తే అది తంటెం. వాళ్ల ఊళ్లో దొడ్డెనక మొలిచి పశువులు కూడా వాసన చూసి వదిలేసే పిచ్చిమొక్క. దాన్ని కూర వండుకునేవాళ్లను చూసి లోపల నవ్వుకుంది కూడా.

పాల్‌కి మాటిచ్చిన కొన్నాళ్లకే, ఆ ఏటి వానలు తగ్గాక, బట్టలు ఆరేస్తూ గోడవైపు చూసిన దీనమ్మ అలాగే నిలబడిపోయింది. స్థలమంతా తెల్లపూలు. గోడవార ఒక్కటీ లేదు. దగ్గరకెళ్లి కూర్చుని తంటెం కొమ్మలు తప్పించి చూసింది. కింద వయ్యారిభామ మొలకలున్నాయి, కానీ ఎండ అందక పాలిపోయి, దారాల్లా సాగి వాలిపోయాయి. అప్పుడు తెలిసొచ్చింది. ఇన్నేళ్లూ తను చేసిందల్లా నేల చెక్కించి ఆ మాయదారిదానికి చాప పరిచిపెట్టడమే. తన మీద తనకే ఒళ్లు మండింది.

చలికాలంలో ఊర్మిళతో కలిసి ఎండిన తంటెం కాయలు సంచుల కొద్దీ కోసింది. ఎండలు ముదిరాక, వానలకు ముందు, ఆ విత్తనాలు స్థలమంతా చల్లేసింది. "గడ్డి పోవాలని గడ్డి విత్తనాలు చల్లేదాన్ని నిన్నే చూశాను," అన్నాడు పాల్ ముక్కుకు తుండు అడ్డం పెట్టుకుని.

తొలకరికి రెండూ కలిసే మొలిచాయి. మొలిచీ మొలవగానే వీధిలో జేసీబీ దిగింది. దాని వెనక కాలనీ సెక్రటరీ గిరిధర్.

"స్వచ్ఛతా అభియాన్ ఆంటీ. ఖాళీ ప్లాట్లన్నీ సాఫ్ చేయిస్తున్నాం. మీకే ఫాయిదా."

దీనమ్మ వెళ్లి జేసీబీకి అడ్డంగా నిలబడింది. "నేల ఖాళీగా దొరికితే ముందు దిగేది వయ్యారిభామే బాబూ. నేనిన్నేళ్లూ ఆ పనే చేసి మా ఆయన్ని మంచాన పడేశాను. ఇది వదిలెయ్యి."

"రెండూ పిచ్చిమొక్కలే కదా ఆంటీ."

"పిచ్చిమొక్కే. కానీ ఇది కూరవుతుంది. అది మా ఆయన ఊపిరి తీస్తుంది. ఒక్క వానాకాలం నా మాట విను."

ఇంజను మొరాయించినట్టు గిరిధర్ కాసేపు గొణిగాడు, తర్వాత బండిని పక్క వీధికి మళ్లించాడు. పోతూ పోతూ, "ఎలాగూ ఇల్లు అమ్ముతారట కదా, పార్టీని నేనే తీసుకొస్తాను," అన్నాడు. ఆ మాట దీనమ్మ గుండెలో గుచ్చుకుంది.

వానలు దంచికొట్టాయి. మొదట్లో వయ్యారిభామే పైచేయి. జానెడు ఎత్తు ముందుంది. దీనమ్మకు అన్నం సహించలేదు. పొద్దున్నే ప్రార్థన చేసుకోవడం, గోడ దగ్గరికి పరిగెత్తడం. తంటెం మాత్రం తొందరపడలేదు. కింద వేరు దించుకుంది, పక్కలకు కొమ్మలు చాచింది, ఒకదాని భుజం ఒకటి ఒరుసుకుంటూ ఆకుకు ఆకు కలిపేసింది. శ్రావణం గడిచేసరికి మనిషి నడుమెత్తున స్థలమంతా ఒకటే పచ్చదనం, పైన పసుప్పచ్చ పూలు. వయ్యారిభామ ఆ నీడలో పడి కుళ్లింది. అంచుల్లో తలెత్తిన నాలుగింటినీ దీనమ్మ చేతులకు సంచులు తొడుక్కుని పూతకు ముందే పీకేసింది.

వానలు వెళ్లాయి. అన్నట్టే గిరిధర్ కొనేవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చినాయన ఇల్లంతా తిరిగి చూసి, "హవా భీ బఢియా హై," అని ఇక్కడి గాలిని కూడా మెచ్చుకున్నాడు. మాటిచ్చిన మనిషి కదా, దీనమ్మ మొగుడి మొహం వంక చూస్తూ నిలబడింది.

పాల్ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని సరాసరి ఖాళీ స్థలంలోకి నడిచాడు. పూల మధ్య నిలబడి గుండెల నిండా గాలి పీల్చాడు, వదిలాడు. మళ్లీ పీల్చాడు. పిల్లికూత లేదు, దగ్గు లేదు. ఇన్నేళ్ల తర్వాత ఆ మనిషి ఊపిరి చప్పుడు లేకుండా ఆడుతోంది.

"సారీ భాయ్‌సాబ్," అన్నాడు అక్కణ్ణుంచే. "ఈ ఇల్లు మేం అమ్మట్లేదు. ఎందుకమ్మాలి?"

దీనమ్మ అంతమంది ముందూ గట్టిగా నవ్వేసింది, కళ్లనీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.