నోటి దూల, ఇంటి దూలం

“వారంలో పడుతుంది.”

వడ్రంగి బార్నబీ గారడ్ ఫోనులో అన్న మాట ఇది. నా చెవులారా విన్నాను. అప్పుడతను హెస్టరమ్మ ఇంటి కింది భాగంలోని టీ దుకాణం మూల మోకాళ్ల మీద కూర్చుని, ఇంటిని మోసే అడుగు దూలాన్ని ఉలితో పొడిచి చూస్తున్నాడు. గురువారం కదా, చర్చిలో గంటలు మోగించే సాధన చెవులు చిల్లులు పడేలా సాగుతోంది.

నా పేరు డెంజిల్ క్యాచ్‌పోల్. ఆదివారాలు యాత్రికుల్ని వెంటేసుకుని మా ఊరి ఓక్ దూలాల ఇళ్లు చూపిస్తాను. ఇళ్లు వంకర, నా మాట వెటకారం. రెంటికీ గిరాకీ ఉంది.

ఆ సాయంత్రమే పబ్బులో గ్లాసెత్తి అరిచాను: “ఒరేయ్, హెస్టరమ్మ ఇల్లు వారంలో పడుతుందట! ఇన్నాళ్లూ టీలో పాలు పడేవి, ఇక దూలాలు పడతాయి. హెల్మెట్లు పెట్టుకెళ్లండి!”

అందరూ బల్లలు చరిచి నవ్వారు. నా నోటి దూల తీరింది.

శుక్రవారం నుంచే, వీధి మీదికి పొడుచుకొచ్చిన ఆ ఇంటి పై అంతస్తు కింద నడవడం మానేశారు జనం. శనివారం అక్కడ జరగాల్సిన పెళ్లివారి టీ విందు రద్దయింది. నలభై మందికి చేసిన స్కోన్లు, టీతో తినే ఆ చిన్న రొట్టెలు, పిచ్చుకల పాలయ్యాయి.

ఆదివారం నా యాత్రికుల్ని రోడ్డుకి ఇవతలే నిలబెట్టి, “బాగా చూసుకోండి, మళ్లీ వస్తే ఉండదు” అంటుండగా హెస్టరమ్మ బయటికొచ్చి, రోడ్డు దాటి మా దగ్గరికి వచ్చింది. చేతిలో పింగాణీ కప్పుల పెట్టె. డెబ్బయ్యేళ్ల క్రితం ఆ పై గదిలోనే పుట్టిన మనిషి.

“ఎక్కడికి, హెస్టరమ్మా?”

“మా చెల్లెలింటికి. నువ్వేగా పడుతుందన్నావు? మూల కాస్త పుచ్చింది, బాగుచేస్తానన్నాడు బార్నబీ. ముసల్దాన్ని, బెదిరిపోతానని దాచాడు కాబోలు. నీకు ఇళ్ల సంగతి తెలుసు కదా, నాయనా.”

నాకు తెలిసినవి ఇళ్ల మీద జోకులు. గురువారం బార్నబీని ఒక్క మాట అడిగి ఉండొచ్చు. అడిగితే జోకు పోతుందని అడగలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. ఇప్పుడు చెవులు కాలిపోతున్నాయి.

ఇంతలో ఓక్ మొద్దు వేసుకుని బార్నబీ బండి వచ్చి ఆగింది.

“పెట్టె ఎందుకు తల్లీ?”

“ఇల్లు పడిపోతుందన్నావట.”

“నేనా? ఎవరితో?”

అందరూ నా వైపు తిరిగారు.

“గురువారం ఫోనులో... వారంలో పడుతుందని...” అని గొణిగాను.

“వారం పడుతుందన్నానురా! పని ఎన్నాళ్లని మా ఆవిడ అడిగితే! పుచ్చిన మూడడుగులు కోసి కొత్త ఓక్ అతకాలంటే వారం పట్టదూ? ఆ ‘లో’ ఎక్కణ్ణుంచి తెచ్చావు? పచ్చి ఓక్‌తో కట్టిన ఇల్లిది, ఎండే కొద్దీ దాని ఇష్టమొచ్చినట్టు ఒంగి కుదురుకుంది. ఐదొందల ఏళ్లుగా ఒంగే ఉంది. ముందు నువ్వు పడతావు!”

ఎదురు పబ్బు గుమ్మంలో నిలబడ్డవాళ్లు నవ్వారు. హెస్టరమ్మ నవ్వలేదు. నేను పెట్టె అందుకోబోతే ఇవ్వలేదు.

“నా ఇంటి సంగతి నాతో ముందు చెప్పాలనిపించలేదా, డెంజిల్?”

రోడ్డు దాటి, ఆ పై అంతస్తు కిందికే వెళ్లి నిలబడి, పబ్బులో అరిచిన గొంతుతోనే అరిచాను: “అందరూ వినండి! ఈ ఇల్లు పడదు!”

యాత్రికులు నవ్వి చప్పట్లు కొట్టారు. ఇదీ జోకే అనుకున్నారు. ఇన్నేళ్లూ నేను సంపాదించుకున్న పేరు అది. రెండోసారి మెల్లగా, ఒక్క చమత్కారమూ కలపకుండా చెప్పాను:

“బార్నబీ అన్నది ‘వారం పడుతుంది’ అని. పనికి. గంటల మోతలో నేను ‘వారంలో’ అని విన్నాను. అతన్ని అడగలేదు. ఈవిడకి చెప్పలేదు. పబ్బులో మీ అందరికీ చెప్పాను. ఆ ‘లో’ ఇంటిది కాదు, నాది.”