కొండల వైపు సీటు

చిన్నప్పుడు ఏ బస్సెక్కినా కిటికీ పక్కన మా అక్కే కూర్చునేది. నేను ఏడిస్తే, "ఊరుకోవే, నేను చూసి చెప్తాలే" అనేది. ఒక్కసారైనా చెప్పిన పాపాన పోలేదు.

ఇప్పుడు నేను విమానం టిక్కెట్లు బుక్ చేసే ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇద్దరం కలిసి ప్రయాణం అనగానే అక్క ఫోన్ చేసింది. "మంచుకొండలు కనబడే వైపు కిటికీ సీటు నాకే వెయ్యి."

వేశాను. సరిగ్గా కొండల వైపే. కాకపోతే ఆ విమానంలో ఆ ఒక్క వరుసకే కిటికీ ఉండదు, వట్టి గోడే. అది మా ఆఫీసులో అందరికీ తెలుసు. అడిగినవాళ్లకే చెప్తాం.

కొండలు రాగానే అందరూ "అబ్బా!" అన్నారు. వెనక సీట్లోంచి అక్క నా భుజం పొడిచింది. "ఏం కనబడుతోందే?"

నా కిటికీకి ముక్కు ఆనించి అన్నాను. "ఊరుకో అక్కా, నేను చూసి చెప్తాలే."

దిగేదాకా నేను నోరు విప్పితే ఒట్టు.