ముద్ర లేని పిస్టన్

కళ్యాణదుర్గం పక్క చెరువు వరసగా నాలుగేళ్లు ఎండిపోయింది. ఎండిన అడుగు రొట్టెల పెనంలా చదునుగా ఉండటం చూసి ఎవరికో మోటారుసైకిళ్ల పందెం ఆలోచన తట్టింది. రెండు ఫర్లాంగుల దూరం, ఈ కొసన ఒక సున్నపు గీత, ఆ కొసన ఇంకో గీత. రెండేసి బండ్లు నిలబడతాయి. తువ్వాలు కింద పడగానే కదలాలి. ముందు అవతలి గీత దాటినవాడిదే గెలుపు. మలుపులు లేవు, ఎత్తుపల్లాలు లేవు. కళ్లు తుడుచుకునేలోగా అయిపోయే ఈ పందేనికి మూడు నెలల ముందు నుంచీ కొట్లాడుకోవడం మగవాళ్లకే చెల్లిందని భద్రమ్మ అనుకునేది.

కొట్లాటంతా కంపెనీ బండ్ల పందెం గురించే. అందులో దిగే బండి కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉండాలి. అయితే 1976 నాటికి ఆ తాలూకాలో అలాంటి బండి ఒక్కటీ లేదు. ఏ సామాను విరిగినా కంపెనీది రావడానికి ఆరు నెలలు పట్టేది. అందాకా లేథు మీద తిప్పిందో, బళ్లారిలో దొరికిందో వేసుకుని తిరగాలి. వీటన్నిటికీ కలిపి డూప్లికేట్ అని ఒకటే పేరు. ఏ డూప్లికేట్‌ను పందెంలోకి రానివ్వాలి, దేన్ని ఆపాలి?

అది తేల్చడానికి ఒక ఆదివారం పొద్దున పందెం పెద్దలు భద్రమ్మ వసారాలో చేరారు. ఆమె భర్త నారాయణప్పకు బస్టాండు దగ్గర సామాన్ల అంగడి ఉంది. కంపెనీ డబ్బాలో వచ్చింది తప్ప ఇంకోటి అమ్మడు. ఎదురుగా కూర్చున్న ఎర్రిస్వామి అతనికి చిన్ననాటి స్నేహితుడు, తమ్ముడితో సమానం. లేథు పనివాడు. కంపెనీ డబ్బా రానప్పుడు జనం పోయేది అతని దగ్గరికే. మధ్యలో తిమ్మన్న. మిలిట్రీలో జీపు నడిపి వచ్చినవాడు గనక పందేనికి ఆయనే తీర్పరి.

"చైను, కేబులు, టైరు యాడివైనా సరే. వాటితో పరుగు పెరగదు," అన్నాడు తిమ్మన్న. దానికందరూ ఒప్పుకున్నారు. "ఇంజను లోపలివి ఎట్ల?"

"కొలత చూడండప్పా," అన్నాడు ఎర్రిస్వామి. "కంపెనీ పిస్టనెంత బరువుందో నాదీ అంతే ఉండి, కొలతా అంతే ఉంటే, చేసినోడు యెవడైతే ఏమి? యెక్కువ పరిగెత్తల్లని మార్చింటే తప్పు. విరిగిందని మార్చుకుంటే తప్పెట్లయితాది?"

"ప్రతిదీ తూకమేసుకుంట కూర్చుంటే పందెం వచ్చే యేడికి అయితాది," అన్నాడు నారాయణప్ప. "ముద్ర చూడల్ల. కంపెనీ ముద్ర ఉంటే లోపలికి, లేకుంటే బయటికి."

"నీ అంగట్లో కొన్నోళ్లే పందెం ఆడల్లంటావు, అంతేనా అన్నా?"

"నీ లేథు కాడికి వచ్చినోళ్లే ఆడల్లంటాండావు గదా నువ్వు!"

భద్రమ్మ కాఫీ తెచ్చింది. ఎర్రిస్వామి ఒక గుక్క తాగి నవ్వాడు. "ఏం వదినా, బీయే చదివినోళ్ల కాపీ గూడా మా ఇంటి కాపీ మాదిరే ఉండాదే! ఆ చదువంతా యాడ పోసినావు?"

అందరూ నవ్వారు. భద్రమ్మా నవ్వింది. అనంతపురంలో మూడేళ్లు హాస్టల్లో ఉండి చదివిన చదువు, దేవుడి ఫోటోల పక్కన గోడ మీద గాజు పలకలో పట్టాగా వేలాడుతోంది. రోజూ దాని దుమ్ము తుడిచేది తానే. ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది.

చేతులెత్తితే చెరిసగం అయ్యాయి. తిమ్మన్న విసిగి, "చదువుకున్నాయమ్మను చెప్పనీండి. ఆయమ్మ ఏం రాస్తే అదే రూలు," అన్నాడు.

ఎర్రిస్వామి చెప్పిందే న్యాయమని భద్రమ్మకు తెలుసు. అయినా కాగితం తీసుకుని గుండ్రటి అక్షరాలతో రాసింది: 'ఇంజను లోపలి ప్రతి సామాను మీదను కంపెనీ ముద్ర ఉండవలెను.' వాక్యం ముచ్చటగా కుదిరింది. పరీక్షలో అయితే మార్కులు పడేవి. ఎర్రిస్వామి వైపు చూసి, "చదువు ఈడ పోసినానప్పా," అంది.

అతను అప్పుడు కూడా నవ్వాడు. "నా బండిలో ఉండేది నేను పోసిన పిస్టనే వదినా. ఎండిన బావి మీది పంపుసెట్టు పిస్టన్ కరగబెట్టి చేసినా. నేను మాత్రం దిగేది దిగేదే. ఈ పొద్దు నా పనిని డూప్లికేట్ అనేటోళ్లు ఆ పొద్దు కండ్లతో చూస్తారు గదా. రైతులు నా సామాన్లు నమ్మితే చాలు, గ్లాసు మీరే పెట్టుకోండి."

పందెంలో గెలిచినవాడికి వెండి గ్లాసు ఇచ్చేవారు.

పందేనికి వారం ముందు గోడ మీద గాజు పలక కనబడలేదు. బీయే పట్టా చాప మీద బోసిగా పడి ఉంది. వంటింటి వెనక నీడలో నారాయణప్ప ఆ గాజును బల్ల మీద పరిచి, దాని మీద గరుకు కాగితం అంటించి, తన బండి ఇంజను మూతను బోర్లించి అరగదీస్తున్నాడు. ఇల్లంతా వెతికినా అంత చదునైన వస్తువు ఇంకోటి దొరకలేదట.

"అట్ల అరగదీస్తే ఏమయితాది?" అని అడిగింది భద్రమ్మ.

"మూత పలచనయితాది. లోపల వత్తిడి పెరుగుతాది. బండి జింక మాదిరి పోతాది."

"మరి రూలు?"

"ముద్ర మూత పైన ఉండాది. నేను అరగదీసేది కింద. నువ్వు ముద్ర ఉండల్లన్నావు గానీ, మందమెంత ఉండల్లని రాయల్యా గదే!"

నవ్వొచ్చిన మాట నిజం. తన వాక్యంలో అంత పెద్ద సందు ఉందని పరీక్షలు దిద్దినవాళ్లెవరూ చెప్పలేదు. గాజును సబ్బుతో కడిగి పట్టాను మళ్లీ అందులో పెట్టింది. గీతలు పోలేదు. డిగ్రీ మీద మంచు కురిసినట్టయింది, అనంతపురం జిల్లాలో అదొక్కటే మంచు.

పందెం రోజు ఆడవాళ్లు గట్టు మీద గొడుగుల కింద కూర్చున్నారు. చివరికి మిగిలింది రెండు బండ్లే. తువ్వాలు పడింది. దుమ్ములో ఏమీ కనబడలేదు. దుమ్ము విడిపోయేసరికి ఎర్రిస్వామి బండి గీత అవతల ఉంది, నారాయణప్పది నిలువెడు వెనక.

అక్కడొక ఆచారం ఉంది. గెలిచిన బండి ఇంజను గట్టు మీదనే గోనెపట్ట పరిచి అందరి ముందూ విప్పాలి. ఎర్రిస్వామి తన చేతులతోనే విప్పి, పిస్టన్ తీసి తిమ్మన్న చేతిలో పెట్టాడు. తాను తెచ్చుకున్న కంసాలి తక్కెడలో ఒక పక్క దాన్ని, ఇంకో పక్క కంపెనీ పిస్టన్‌ను వేశాడు. ముల్లు నిలువుగా నిలబడింది.

"రూలు చదువమ్మా," అన్నాడు తిమ్మన్న. ఆయన గొంతులోనూ ఇష్టం లేదు.

భద్రమ్మ లేచి చదివింది. ముచ్చటగా కుదిరిన వాక్యం గాలిలోకి వచ్చేసరికి పుల్లలా ఉంది.

తరవాత రెండో బండి విప్పారు. ప్రతి సామాను మీదా ముద్ర ఉంది. మూత మీద కూడా. తిమ్మన్న దాన్ని తిప్పి చూశాడు, ఆయన కళ్లకు అంత చూపు లేదు. చేయి మారి మూత ఎర్రిస్వామి దగ్గరికి వచ్చింది. అతను దాని అంచు మీద బొటనవేలు నిమిరాడు. తలెత్తి నారాయణప్పను చూడలేదు. భద్రమ్మను చూశాడు.

ఒక్క మాట చాలు. మా ఇంటి గాజు చూడండి అంటే చాలు. భద్రమ్మ రూలు కాగితాన్ని మడిచింది. మళ్లీ మడిచింది.

వెండి గ్లాసు ఇంటికి వచ్చింది. నారాయణప్ప దాంట్లో మజ్జిగ తాగేవాడు. ఎర్రిస్వామికి ఆ రోజు నుంచి డూప్లికేట్ స్వామి అని పేరు పడింది. పిల్లలు మొదలుపెట్టారు, పెద్దలు కొనసాగించారు. లేథు కాడికి వచ్చే రైతులు, "ముద్రది ఇప్పీయప్పా," అని అడగసాగారు. రెండేళ్లకు లేథు అమ్మేసి హిందూపురం వెళ్లిపోయాడు. నారాయణప్ప ఒకటి రెండుసార్లు ఉత్తరం రాద్దామన్నాడు. రాసేది తానే గనక భద్రమ్మ పెన్ను వెతుక్కుంటూ ఉండిపోయింది.

1985లో చిలమత్తూరులో పెళ్లికి పోతూ ఆమె హిందూపురం బస్టాండులో దిగింది. "వదినా!" అన్న పిలుపు వెనక నుంచి వినబడింది. ఎర్రిస్వామి జుట్టు నెరిసింది, చేతులు అవే నల్లటి చేతులు. టీ తెప్పించాడు.

"అన్న బాగుండాడా? అంగడి?"

"బాగుండాడప్పా. ఆ పాత బండ్లకు కంపెనీ సామాన్లు చేసేది ఆపేసింది. ఇప్పుడు అంగడంతా డూప్లికేటే."

అతను పడీ పడీ నవ్వాడు. టీ ఒలికింది. "నేను ఈడ ఫ్యాక్టరీలో ఉండా వదినా. కొత్త బండ్లకు పిస్టన్లు చేసి కంపెనీకి పంపుతాము. నేను చూసి సరే అంటేనే ముద్ర పడేది. ఆ ముద్ర గూడా నా చేత్తోనే కొడతా."

భద్రమ్మ నవ్వలేకపోయింది. తొమ్మిదేళ్లుగా గొంతులో ఉన్నది బయటికి తెచ్చింది. "ఆ పొద్దు మూత అరగదీసింది నా పట్టా గాజు మీదప్పా."

"దేని మీదనో తెలీదు గానీ, అరగదీసింది తెలుసు. వేలు పెడితేనే తెలిసింది."

"మరి యెందుకు చెప్పల్యా?"

"ఓడినోడు చెప్తే యేడ్సినట్లుంటాది. రూలు రాసిందానివి నువ్వు చెప్తావేమోనని చూస్తాంటి." టీ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "నువ్వు కాగితం మడుస్తాంటివి."

బస్సు హారన్ కొట్టింది. అతను సంచిలోంచి ఒక పిస్టన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "అన్నకియ్యి. అంగట్లో ఒకటన్నా మంచిది ఉండనీ."

ఇంటికి వచ్చాక నారాయణప్ప దాన్ని వెలుగులో తిప్పి చూశాడు. ముద్ర మీద వేలు పెట్టాడు. "ఒరిజినల్!" అన్నాడు సంబరంగా. "యాడ దొరికింది?"

"ఎర్రిస్వామి చేసినాడు," అంది భద్రమ్మ. "ఆ పొద్దుదీ ఇట్లాంటిదే."

నారాయణప్ప పిస్టన్‌ను కాగితంలో చుట్టి, వెండి గ్లాసు పక్కన అల్మైరాలో పెట్టి తలుపు వేశాడు. మరునాడు మజ్జిగ స్టీలు గ్లాసులో అడిగాడు.